పండుగ తేవలసినవారు

మా ఇంట దీపావళి లేదు. బెజవాడ కొత్తపేటలో మా వీధివారు ఈ సంగతిని, ఫలానా ఇంట బావి లేదన్నంత మామూలుగా చెప్పుకొనేవారు. నా భర్త కోటిలింగంగారు విషజ్వరంతో ఆశ్వయుజ అమావాస్యనాడు, సరిగ్గా పండుగ పూట, కన్ను మూశారు. పండుగనాడు మనిషి పోతే ఆ ఇంటికి ఆ పండుగ కూడా పోయినట్లేనని మాలో ఆనవాయితీ. మళ్ళీ ఏనాటికైనా అదే పండుగనాడు ఆ ఇంట మగపిల్లవాడు పుట్టాలి, లేదా ఆవు ఈనాలి. అప్పుడు పండుగ తిరిగి వస్తుంది. అంతవరకు ఆ సాయంత్రం గడపలో ప్రమిద పెట్టరాదు. పొయ్యిమీద నూనెమూకుడు పెట్టరాదు. పిల్లల చేతికి కాకరపువ్వొత్తి ఇవ్వరాదు.

ఇది ఏ గ్రంథంలో ఉన్నదని మా బావగారిని, అంటే నా భర్తకు అన్నగారైన పాండురంగయ్యగారిని, ఒకసారి తలుపు చాటునుంచి అడిగాను. మగ్గం నేస్తూనే నాకు చదువు చెప్పిన తండ్రి కడుపున పుట్టినదాన్ని. ధర్మశాస్త్రాలకు తెలుగు టీకలు నాకు దొరికినన్ని చదివాను. ఈ నియమం నాకెక్కడా కనపడలేదు.

"గ్రంథాల్లో ఉన్నవన్నీ మనం చేస్తన్నామా రావమ్మా, లేనివి మానెయ్యడానికి?" అన్నారాయన.

తెలివైన జవాబే. అందులో న్యాయం ఉన్నదా అన్నది వేరే ప్రశ్న.

ఎందుకంటే దీపావళినాడు బావగారి బట్టల కొట్టులో లక్ష్మీపూజ ఏ ఏడూ ఆగలేదు. ఇంట్లో మధ్యాహ్నం తద్దినం ముగిసేది. సాయంత్రం బావగారు ఉతికిన పంచె కట్టుకుని, మా అబ్బాయి వెంకటసుబ్బారావు చేత పూజ పళ్ళెం పట్టించుకుని కొట్టుకు వెళ్ళేవారు. అక్కడ కుందులు వెలిగేవి, కొబ్బరికాయలు పగిలేవి, ఖాతాదారులకు మిఠాయి అందేది. అడిగితే, "కొట్టు ఇల్లు కాదుగదమ్మా" అనేవారు. లక్ష్మి కోసం వెలిగించవలసివచ్చినప్పుడు మా కుటుంబానికి మైల లేదు, పిల్లల కోసం వెలిగించవలసివచ్చినప్పుడు ఉన్నది. ఈ తేడా ఆయనకు ఎన్నడూ వింతగా తోచలేదు.

పిల్లలంటే మా అబ్బాయి కొడుకులు ఇద్దరు. పెద్దవాడు అంకమ్మరావుకు ఎనిమిదేళ్ళు, చిన్నవాడు సంజీవరావుకు ఆరు. ఇద్దరూ తాతగారు పోయిన తరవాత పుట్టినవాళ్ళు. ఆయన ముఖం ఎరగరు. ప్రతి దీపావళినాటి మునిమాపున మా తోటికోడలు ఆదెమ్మక్కయ్య వాళ్ళను లోపలికి పిలిచి వీధి తలుపు గడియ వేసేది. వాళ్ళు కిటికీ రెక్కల సందుకు కన్ను ఆనించి, వంతులవారీగా వీధిలోని పండుగను చూసేవారు. ఎవరి వంతు ఎంతసేపన్న దానిమీద దెబ్బలాట. ఆ దెబ్బలాటే వాళ్ళ దీపావళి.

నేను చెప్పబోయే ఏడు యుద్ధం నడుస్తున్నది. గంధకం, సురేకారం బజారులో మాయమయ్యాయి. మందుగుండు కొట్ల తలుపులు తెరుచుకోలేదు. వీధిలో మగపిల్లలందరికీ మా వాళ్ళ గతే పట్టేటట్లుండగా, మా పుట్టింటి ఊళ్ళో, కూచిపూడి పక్కన, నా చిన్నతనంలో చూసిన ఉప్పు పొట్లాలు నాకు గుర్తుకు వచ్చాయి. పోతుతాళ్ళ, అంటే కాయ కాయని మగ తాటిచెట్ల, పూల కంకులు ఎండబెట్టి, గుంటలో కాల్చి, బూడిద కాకముందే మన్ను కప్పి బొగ్గు చెయ్యాలి. ఆ బొగ్గును దంచి, రాళ్ళ ఉప్పు కలిపి, పాత గుడ్డలో బిగించి కూరి, పురికొసతో గట్టిగా చుట్టాలి. చీల్చిన తాటిమట్ట బద్దల మధ్య దాన్ని ఇరికించి, పొడుగాటి తాడు కట్టి, పైన ఒక నిప్పుకణిక పెట్టి గిరగిర తిప్పితే చుట్టూ నిప్పుల పూలవాన కురుస్తుంది. అందులో ఉప్పు చిటపటలాడుతుంది. ఏ కంపెనీ మందూ అక్కరలేదు. తాటితోపు కాలవ గట్టునే ఉన్నది. పాత గుడ్డకు బట్టల వ్యాపారుల ఇంట కొదవ లేదు.

మనుమలకు నేర్పాను. దసరా వెళ్ళిన దగ్గరనుంచి పెరటిలో ఇద్దరికీ ముఖాలు తప్ప ఒళ్ళంతా నలుపే. కొన్ని రోజులకు ముఖాలు కూడా. వీధిలో మగపిల్లలు గుడ్డలు, తాళ్ళు పట్టుకుని మా పెరటికి వరస కట్టారు. అంకమ్మరావు మేస్త్రీ, సంజీవరావు ఉప్పు దంచే కూలీ. వీధికంతటికీ పొట్లాలు వీళ్ళే కట్టిపెట్టారు.

ఆ వచ్చినవాళ్ళలో బాలశౌరి ఒకడు. మిషను ఆసుపత్రిలో మంత్రసానిగా పనిచేసే తెరేసమ్మగారి కొడుకు. ఒకనాడు వాడన్న మాట వంటింట్లో ఉన్న నాకు స్పష్టంగా వినపడింది.

"ఒరే అంకా, నేను కిరస్తానీవాణ్ణి. నేనే తిప్పుతన్నా. మీరెందుకు తిప్పర్రా?"

"మా ఇంట్లో పండగ లేదు."

"పండగ మాకూ లేదుగా! మా అమ్మ తిప్పుకోమంది. మీ అమ్మ వద్దందా?"

"మా అమ్మ కాదు. ఆవు."

"ఆవు వద్దందా!" బాలశౌరి పెరట్లో పడి దొర్లుతూ నవ్వాడు. అంకమ్మరావు నవ్వలేదు. పొట్లం మరింత బిగించి కట్టాడు.

ఆ ఆవు కథ చెప్పాలి. ఆ ఏడు పండుగను తిరిగి తెప్పించాలని బావగారే నిర్ణయించారు. కాలాన్ని అలా వదిలెయ్యడం వ్యాపారస్థుల పద్ధతి కాదు. మైలవరం వైపునుంచి ఒక చూడి ఆవును కొనుక్కు వచ్చారు. అమ్మినవాడు, "అమావాస్యకి ఈనకపోతే నన్ను అడగండయ్యా" అన్నాడట. ఆవు వచ్చిన రోజున ఆదెమ్మక్కయ్య దాని నుదుట పసుపు పూసి బొట్టు పెట్టింది. రోజూ తెల్లవారగానే పొదుగు తడిమి చూసేది. "ఇంకా దిగలా" అనేది సంతోషంగా. సంజీవరావు దాని చెవి దగ్గర నోరు పెట్టి, "ఇవాళ వద్దే, ఇంకా అమావాస్య రాలా, తొందరపడమాకే" అని బతిమిలాడేవాడు.

ఆవు త్రయోదశినాడు, పట్టపగలు, పెరటి మధ్యలో నిబ్బరంగా ఈనింది. చక్కని కోడెదూడ. సంజీవరావు ఏడుస్తూ నా దగ్గరకు పరుగెత్తుకు వచ్చాడు. "దీనికి పంచాంగం తెలీదు నాయనమ్మా! నేను రోజూ చెప్పాను కూడా!"

పక్కింటి జక్కయ్యగారు గోడమీదినుంచి తొంగిచూసి, "పాండురంగయ్యగారూ, రెండు రోజులు దొడ్డి తలుపేసి ఉంచండి. అమావాస్యనాడు ఈనిందంటే కాదనేదెవరండీ?" అన్నారు. బావగారు చెవులు మూసుకున్నారు. "గోమాత విషయంలో అబద్ధమా? పాపమండీ! కళ్ళుపోతాయి."

ఆయన నిజాయితీని నేను శంకించలేదు. ఆ నిజాయితీ ఎంత దూరం వెళ్ళి ఆగుతుందో అమావాస్యనాడు తెలిసింది.

మా కోడలు చౌడేశ్వరికి అప్పుడు తొమ్మిదో నెల. ఆవు ఈనిన క్షణంనుంచి ఇంట్లో చూపులన్నీ దొడ్డివైపునుంచి తిరిగి ఆ పిల్లమీదికి వచ్చాయి. అదే ఆరాటం, అదే లెక్క, అవే మాటలు. "కడుపు కిందికి దిగినట్టు లేదూ?" అని ఆదెమ్మక్కయ్య ఆ రెండు రోజుల్లోనూ అంటూనే ఉన్నది. కోడలు కంచం ముందు కూర్చున్నా, జడ అల్లుకుంటున్నా ఆవిడ చూపు నడుము కిందికే పోయేది. ఇద్దరు మగపిల్లలను కన్నది గనక మూడోవాడూ మగపిల్లవాడేనని తేల్చేశారు. పుట్టవలసిన రోజును మాత్రం నిర్ణయించాలి.

చతుర్దశినాడు తెరేసమ్మగారిని నేనే పిలిపించాను. ఆవిడ పరీక్ష చేసి చేతులు కడుక్కుంటూ, "ఇంకా రెండు వారాలు పట్టుద్దమ్మగారూ. బిడ్డ తల తిరగలేదు. మందూ మాకూ ఏమీ పోయమాకండి, ప్రమాదం" అన్నది. ఆదెమ్మక్కయ్య అక్కడే ఉండి విన్నది. తల కూడా ఊపింది.

మర్నాడు తద్దినం ముగిసి భోక్తలు వెళ్ళిపోయాక నేను నడుము వాల్చాను. కాసేపటికి ఘాటైన వాసనకు లేచాను. మిరియం, శొంఠి, ఇంకా ఏవో వేళ్ళు. వంటింటి గుమ్మంలో చౌడేశ్వరి గోడకు ఆనుకుని నిలబడి ఉన్నది. చేతిలో కంచు గ్లాసు. పొగలు వస్తున్నాయి. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అత్తయ్యా, పెద్దత్తయ్య తాగమంటన్నారు."

"ఏమిటది?"

జవాబు ఆదెమ్మక్కయ్య చెప్పింది. "పొద్దుట్నుంచీ నడుం లాగతందంటంది గదా. కాస్త దారి చేస్తే దీపాల వేళకి పనైపోద్ది. మా అమ్మ నాకు పోసిందే. నేను చచ్చానా?"

"తెరేసమ్మగారు నిన్న చెప్పింది నువ్వూ విన్నావు గదక్కయ్యా."

"ఆవిడకేం తెలుసు మన పండగల సంగతి?"

"బిడ్డ తల ఎటు ఉన్నదో తెలుసు. అది చాలదా?"

"ఊరుకో రావమ్మా. పిల్లలు కిటికీ పట్టుకుని ఏళ్ళాడతంటే నీకు లేకపోయినా నాకుంది బాధ. తాగవే పిల్లా, చల్లారిపోద్ది."

చౌడేశ్వరి గ్లాసు పైకెత్తింది. పెద్దల మాట కాదనడం ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. నేర్పనివారిలో నేనూ ఉన్నాను. ఆ చేతినుంచి గ్లాసు నేను అందుకున్నాను. పెరటి తూము దగ్గరికి నడిచి, కషాయం చివరి చుక్కదాకా పోసి, ఆ పైన ఒక చెంబెడు నీళ్ళు కూడా పోశాను. పొయ్యిమీద గిన్నెలో మిగిలినదానికీ అదే గతి పట్టించాను.

ఆదెమ్మక్కయ్య కేకకు బావగారు హాలులోకి వచ్చారు. కొట్టుకు బయలుదేరిన వేషం. వెనక పూజ పళ్ళెంతో మా అబ్బాయి. ఆ ఇంటికి కాపురానికి వచ్చిన దగ్గరనుంచి నేను బావగారి ముందుకు వచ్చి నిలబడలేదు. ఆ సాయంత్రం నిలబడ్డాను.

"ఏంటిది రావమ్మా? ఆదెమ్మ కాచింది పారబోశావంట?"

"పారబోశానండి."

"పిల్ల మేలు కోరే గదా చేసింది."

"బావగారూ, మొన్న ఆవు ఈనితే, ఆ రోజును అటు జరిపి చెప్పడానికి మీకు నోరు రాలేదు. పాపమన్నారు. మరి ఇవాళ కోడలి కానుపును ఇటు లాగడానికి మీ మనసెట్లా ఒప్పిందండీ?"

కానుపును లాగడమేమిటని ఆయన అడగలేదు. కషాయం సంగతి ఆయనకు ముందే తెలుసునన్నది దానితో నాకు రుజువైంది. మా అబ్బాయికి తెలియదన్నది వాడి ముఖం చూస్తే తెలిసింది.

"పండగ ఇంటికి రావాలా, వద్దా?" అన్నారు చివరకు బావగారు.

"రావాలి. ఇవాళే వస్తుంది. దానికి ఆవు ఈననక్కరలేదు, ఆడది కననక్కరలేదు. పిల్లలు కట్టిన పొట్లాలు పెరట్లో ఉన్నాయి. అంటిస్తాను."

"నువ్వా!" ఆదెమ్మక్కయ్య బుగ్గలు నొక్కుకున్నది. "మొగుడు పోయిన రోజున వీధిలోకెళ్ళి నిప్పులు తిప్పించే పెళ్ళాన్ని ఇన్నేళ్ళలో చూళ్ళేదమ్మా!"

"ఇవాళ చూడక్కయ్యా. అరుగు మీద నిలబడితే బాగా కనపడుద్ది."

బావగారు గొంతు తగ్గించారు. ఆయన కోపం వస్తే గొంతు తగ్గించే మనిషి. "తమ్ముడు పోయిన రోజమ్మా ఇది. నీకు లేకపోతే మాకుంది ఆ దుఃఖం."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఎన్నో ఏళ్ళుగా కూడబెట్టుకున్నదంతా ఒక్కసారి చల్లబడి, మాటలు వాటంతట అవే వరసలో నిలబడ్డాయి.

"అమావాస్య మునిమాపున దక్షిణంగా కాగడా చూపించేది ఎందుకో మీకు తెలుసు. పోయినవాళ్ళకు దారి కనపడాలని. ఈ వీధిలో ఇవాళ పోయినవాడున్నది మన ఒక్క ఇంటికే. వెలుగు చూపించనిదీ మన ఒక్క ఇల్లే. ఆయన పేరు చెప్పి ఆయనకే ఇన్నేళ్ళు చీకటి పెట్టారు. సరే, ఆ శాస్త్రం లేదనుకోండి. లేకపోయినా నేను అంటిస్తాను. ఆయన పోయింది జ్వరంతో. మతాబులతో కాదు. ఈ పిల్లలు చేసిన నేరమేమిటో నాకు చెప్పేవాళ్ళు లేరు."

"రేపు కానుపులో ఏదన్నా అటూ ఇటూ అయితే?"

చౌడేశ్వరి గోడ పట్టుకున్నది. ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఆ ఇంట్లో అందరినీ కట్టి ఉంచిన తాడు అదే. ఆ పిల్లకు ఏ కష్టం వచ్చినా, ఏ కారణం చేత వచ్చినా, ఇక ఆ నింద నాదే అవుతుంది. బతికినన్నాళ్ళూ అవుతుంది. పండుగకూ ప్రసవానికీ సంబంధం లేదని నాకున్న జ్ఞానం ఆనాడు నాకేమీ ఉపయోగపడదు.

"నా నెత్తిన వెయ్యండి" అన్నాను. "ఇప్పుడే, అందరి ఎదటా వెయ్యండి. కోడలి మీద మాత్రం ఒక్క మాట పడ్డా నేను ఊరుకోను."

ఆ పైన నేను ఆగలేదు. పొయ్యిలో ఇంకా ఎర్రగా ఉన్న కణికలను పట్టకారుతో మట్టి మూకుడులోకి తీసుకుని వీధి తలుపు దగ్గరకు నడిచాను. గడియ నేనే తీశాను. "అంకా, సంజీవీ! పొట్లాలు పట్టుకురండి" అని కేక వేశాను. పిల్లలు పెరటి గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. వాళ్ళ కాళ్ళు కదలలేదు. ఇద్దరూ పెదతాతగారి ముఖం చూశారు.

బావగారు తమ చెప్పులు వేసుకుని, "వెంకటసుబ్బారావ్, పద, పూజ వేళయింది" అన్నారు.

మా అబ్బాయి పళ్ళెం బల్లమీద పెట్టాడు. "మీరు పదండి పెదనాన్నా" అన్నాడు. పెరటిలోకి వెళ్ళి, రెండు చేతులా పొట్లాలు పట్టుకుని వచ్చాడు. కొడుకులిద్దరూ వాడి వెనక నడిచారు.

వీధిలో ముందు అందరూ మా గుమ్మం వైపే చూశారు. జక్కయ్యగారి భార్య దీపం పెట్టబోతూ చెయ్యి ఆపేసింది. తెల్లబట్టతో, చేతిలో నిప్పుతో, పండుగనాడు వీధి మధ్యకు వచ్చిన నన్ను చూసి ఇద్దరు ముసలివాళ్ళు ముఖం తిప్పుకున్నారు. తిప్పుకోనిచ్చాను. అంకమ్మరావు పొట్లం మీద కణిక పెట్టాను. వాడు తాడు కొస పట్టుకుని, "దూరం, దూరం!" అని అరిచి, మొదట నెమ్మదిగా, తరవాత శక్తికొద్దీ తిప్పాడు. నిప్పుపూలు వలయంగా చిమ్మి, దక్షిణపు గోడమీదా, చూరుమీదా, వాడి జుట్టుమీదా రాలాయి. ఉప్పు చిటపటలాడింది. సంజీవరావు పెట్టిన కేక కృష్ణ అవతలి ఒడ్డుకు వినిపించి ఉండాలి. వాడి చేతికి తాడు ఇస్తే రెండు చుట్లు తిప్పి, తానే తాడులో చుట్టుకుపోయి పడబోయాడు. వాళ్ళ నాన్న వెనకనుంచి పట్టుకుని, వాడి చేతులమీద తన చేతులు వేసి తిప్పించాడు.

బాలశౌరి తన పొట్లం తిప్పుతూనే అడిగాడు. "ఒరే అంకా! మీ ఇంట్లో ఏ ఆవు ఈనిందిరా?"

"ఇవాళ ఏ ఆవూ ఈనలేదు! పండగ మేమే తెచ్చుకున్నాం!"

అరుగుమీద చౌడేశ్వరి కూర్చుని రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని చూస్తున్నది. ఆదెమ్మక్కయ్య బయటికి రాలేదు. అయితే కిటికీ రెక్కల సందున ఒక కన్ను చాలాసేపు ఉన్నది.

మర్నాడు బావగారు నాతో మాట్లాడలేదు. మా అబ్బాయిని పిలిచి, వేరు పొయ్యి పెట్టుకోమన్నారు. వెనక వసారాలో పొయ్యి వేసుకున్నాను. కొట్టులో మా అబ్బాయి కూర్చునే చోటు గల్లా పక్కనుంచి వీధివైపు చివరి బల్లమీదికి మారింది. వాడు దిగులుపడ్డాడు, నేను ఓదార్చలేదు. ఇంటికి వచ్చిన పండుగకు ఇది ఖరీదు అనుకుంటే, తక్కువే అని చెప్పాను. ఆ రెండు వారాలూ నేను నిద్రపోయానని చెప్పను. కోడలు మూలిగిన ప్రతిసారీ లేచి కూర్చున్నాను. అవతలి వాటాలోనూ ఎవరో లేచి కూర్చుంటున్నారని మంచం కిర్రుమన్న చప్పుడును బట్టి తెలిసేది.

కార్తికంలో, ఏ వ్రతమూ ఏ పర్వమూ లేని ఒక బుధవారం మధ్యాహ్నం, తెరేసమ్మగారు వసారా గదిలోనుంచి బయటికి వచ్చి, "తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్లమ్మగారూ" అన్నది.

అవతలి వాటా గుమ్మంలో ఆదెమ్మక్కయ్య నిలబడి ఉన్నది. ఎప్పటినుంచి ఉన్నదో తెలియదు. నాతో మాట్లాడడం మానిన తరవాత ఆవిడ అన్న మొదటి మాట అదే.

"ఏ రోజూ కాని రోజున పుట్టిందే!"

"అవునక్కయ్యా" అన్నాను. "దీనికి పండుగ తెచ్చే పని ఎవరూ అప్పగించలేదు."